మూడ్ సంగతి తర్వాత, ముందు నిద్ర సంగతి చెప్పండి

అక్కకు బైపోలార్ డిజార్డర్, అంటే కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు హద్దుమీరిన ఉత్సాహం వచ్చే మానసిక జబ్బు అని తేలేసరికే ఆమె కొన్నేళ్లుగా డిప్రెషన్‌కు మందులు వాడుతోంది. మధ్యలో మానేయడం, మళ్లీ మొదలుపెట్టడం. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకు మంచం దిగేది, ఇంకొన్నాళ్లకు హుషారుగా తిరిగేది, మేం అమ్మయ్య అనుకునేవాళ్లం. ఆ హుషారు కూడా జబ్బులో భాగం కావచ్చని ఇంట్లో ఎవరికి తడుతుంది? దిగులుగా ఉన్నప్పుడు మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్తాడు గానీ, ఒంట్లో ఉత్సాహం ఉరకలేస్తున్నప్పుడు ఎవరూ వెళ్లరు. అందుకని డాక్టర్ల కంట పడేది ఎప్పుడూ సగం జబ్బే. బైపోలార్ ఉన్నవాళ్లలో చాలామందికి అసలు పేరు తెలియడానికి ఏళ్లు పట్టడానికి ఇదో పెద్ద కారణం.

మిగతా సగం ఒక ఆడిట్ సీజన్‌లో బయటపడింది. అక్క అకౌంట్స్‌లో పనిచేస్తుంది, ఒక్క అంకె కుదరకపోతే అది తేలేదాకా భోజనానికి లేవని మనిషి. అలాంటిది సొంత సంస్థ పెడతానని మొదలుపెట్టి, వారం తిరక్కుండా ముగ్గురికి ఉద్యోగాలిస్తానని మాటిచ్చేసింది. ఆఫీసు స్థలానికి అడ్వాన్స్ కట్టింది. క్రెడిట్ కార్డుల లిమిట్ అయిపోయింది. రాత్రి రెండింటికి కాలేజీ స్నేహితులకు ఫోన్లు. బావ కంగారుపడి పిలిస్తే తెల్లవారుజామున వెళ్లాను. హాలంతా కాగితాలు పరిచి ఉన్నాయి, గోడలకు కూడా అంటించింది, వాటి నిండా అంకెలు, బాణాలు, మళ్లీ అంకెలు. ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాట, మధ్యమధ్యలో ఇంగ్లీషు. నేనేదో అడగబోతే "ఒరేయ్, ఇది నీకు అర్థమవడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది, కూర్చో" అంది నవ్వుతూ. అంతలో బావ కార్డు బిల్లుల మాట ఎత్తాడు. ఆ నవ్వు ఎటుపోయిందో, చేతిలో ఫోన్ గోడకేసి కొట్టింది.

అప్పటికి ఆమె నాలుగు రాత్రులుగా సరిగా పడుకోలేదట. అలసట మాత్రం మొహంలో ఎక్కడా లేదు.

ఇలాంటప్పుడు "నీకు బాగాలేదు" అని ఎన్ని రకాలుగా చెప్పినా తలకెక్కదు. ఇది షుగర్ లాంటి జబ్బే, మందులు వాడితే సరిపోతుంది అని చాలామంది ధైర్యం చెబుతుంటారు. మంచి మనసుతో చెప్పే మాటే. కానీ షుగర్ పెరిగిన మనిషి, నాకు లేదు, మీకే ఉంది అని ఎదురు వాదించడు. మేనియాలో, అంటే ఉత్సాహం హద్దుమీరిన దశలో జరిగేది సరిగ్గా అదే. తనకు జబ్బు చేసిందని గుర్తుపట్టే శక్తి చాలామందిలో దెబ్బతింటుంది. దాన్ని మొండితనం అనుకుని వాదనకు దిగితే గొంతులు లేవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. అమెరికాలో జేవియర్ అమడోర్ అనే సైకాలజిస్ట్ ఉన్నారు. ఆయన అన్నకు స్కిజోఫ్రీనియా, అంటే లేనివి వినిపించడం, లేనివి నిజమని నమ్మడం లాంటివి ఉండే మానసిక జబ్బు. నాకు జబ్బు లేదు అనేవాళ్లతో ఎలా మాట్లాడాలో ఆయన ఒక పద్ధతి తయారుచేశారు. ముందు వినాలి, వాళ్ల బాధ మనకు అర్థమైందని తెలిసేలా చేయాలి, ఒప్పుకోగలిగినంత వరకు ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకున్న చోటునుంచి కలిసి అడుగేయాలి. నేను దాని గురించి చదివింది చాలా తర్వాత. ఆ రోజు మాత్రం అక్క నోటినుంచే దారి దొరికింది. "తల వేడెక్కిపోతోందిరా, పడుకుందామన్నా ఆగట్లేదు" అంది ఒక దశలో.

"సరే, సంస్థ సంగతి నేనిప్పుడు మాట్లాడను. నిద్ర లేకుండా రేపు మీటింగ్‌లో ఎలా కూర్చుంటావు? నిద్రకు ఏదైనా రాయించుకుందాం పద" అన్నాను.

కాసేపు తిట్టింది, వచ్చి కారెక్కింది. అందులో మోసం ఏమీ లేదు, నిద్రే ఆ రోజుకు అసలు సమస్య. అయితే ఒకటి: మనిషి తన మీదో ఎదుటివాళ్ల మీదో చెయ్యి చేసుకునే దాకా వస్తే ఇలా మాటలతో పొద్దుపుచ్చకూడదు, వెంటనే అత్యవసర సహాయానికి ఫోన్ చేయాల్సిందే.

ఆసుపత్రిలో అక్కను చేర్చుకున్నాక సైకియాట్రిస్ట్ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టారు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నలన్నీ నిద్ర గురించే. గతంలో ఎప్పుడైనా మూడు నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా, మామూలు కంటే చురుగ్గా తిరిగిన రోజులున్నాయా? నేను ఆమె కోపం గురించి, ఖర్చుల గురించి చెప్పబోతే, "మూడ్ సంగతి తర్వాత, ముందు నిద్ర సంగతి చెప్పండి" అన్నారు. నిద్రలేమితో బాధపడటం వేరు, నిద్ర అవసరమే లేనట్టు ఉండటం వేరు అని కూడా చెప్పారు. రెండోది మేనియాకు బాగా పట్టిచ్చే గుర్తు. బావ ఆలోచించి ఆలోచించి, పెళ్లయిన కొత్తలో ఒకసారి, ఉద్యోగం మారినప్పుడు ఒకసారి అని లెక్క తీశాడు. అప్పట్లో వాటిని మేం మంచిరోజులుగా గుర్తుపెట్టుకున్నాం.

డాక్టర్ గారు మాకు చెప్పిన లెక్క ఇది. మూడ్ బాగా ఎగసి, లేదా చిరాకుగా మారి, దానితోపాటు శక్తి పెరిగి, కనీసం వారం రోజులపాటు రోజులో ఎక్కువ భాగం అలాగే ఉంటే మేనియా. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే వారం లెక్క కూడా అక్కర్లేదు. అదే కాస్త తక్కువ స్థాయిలో, పనీపాటా చెడకుండా, నాలుగు రోజులైనా ఉంటే హైపోమేనియా. జీవితంలో ఒక్కసారి మేనియా వచ్చినా టైప్ 1 అంటారు. మేనియా ఎప్పుడూ రాకుండా హైపోమేనియా, డిప్రెషన్ రెండూ వస్తుంటే టైప్ 2. టైప్ 2 అంటే చిన్న జబ్బని కాదు, వాళ్లకు డిప్రెషన్‌లోనే ఏళ్లు గడిచిపోతాయి. పొద్దున కోపం, సాయంత్రం నవ్వు, ఇది బైపోలార్ కాదు. "నాకూ మూడ్ స్వింగ్స్ ఉంటాయిలెండి, నాదీ బైపోలారే" అని సరదాగా అనేవాళ్లను చూస్తే ఇప్పుడు నాకు నవ్వు రాదు.

డిప్రెషన్ మందు సంగతి కూడా అప్పుడే తెలిసింది. బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే కొందరిలో అది మేనియాను ఎగదోయవచ్చు. అందుకే మూడ్‌ను అటూ ఇటూ పోకుండా నిలిపే మందు (మూడ్ స్టెబిలైజర్) తోడు లేకుండా దాన్ని ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడతారు. ఆ మందు ఆపి లిథియం మొదలుపెడతామన్నారు. బావ మొహం చూడాలి అప్పుడు. "లిథియమా? బ్యాటరీల్లో వేసేదా?" అన్నాడు. డాక్టర్ గారు నవ్వి, అవును, అదే మూలకం, దాని లవణాన్ని మందుగా ఇస్తాం అన్నారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ మేనియా రోగుల మీద దాని ప్రభావాన్ని ప్రకటించారు. అప్పటినుంచి ఎన్ని కొత్త మందులొచ్చినా, జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో, ఆత్మహత్యల ముప్పు తగ్గించడంలో దానికి ఇప్పటికీ గట్టి పేరుంది. కాకపోతే పని మొదలుపెట్టడానికి వారం పది రోజులు తీసుకుంటుంది, ఈలోగా మనిషిని నిలబెట్టడానికి ఒలాంజపిన్ అనే ఇంకో మందు కూడా ఇచ్చారు. దాంతో ముందు నిద్ర వచ్చింది. తర్వాత మాట నెమ్మదించింది. ఆ తర్వాత ఒంటి బరువూ పెరిగింది, అది వేరే గొడవ.

ఇంటికొచ్చాక గండం గడిచిందనుకుంటారు అందరూ. మా ఇంట్లో అసలు కష్టం అక్కడే మొదలైంది. మేనియా దిగిపోయాక డిప్రెషన్ పట్టుకుంది, దానికి తోడు సిగ్గు. ఎవరికి ఏం మాటిచ్చిందో, ఎవర్ని ఏమందో కొద్దికొద్దిగా గుర్తొస్తుంటే గోడవైపు తిరిగి పడుకునేది. ఉద్యోగాలిస్తానన్న ముగ్గురికీ బావ ఫోన్ చేసి, ఆరోగ్యం బాగాలేక ఆలోచన మానుకున్నామని చెప్పాడు. అడ్వాన్స్‌లో కొంత వెనక్కి వచ్చింది. కార్డుల అప్పు వాయిదాల్లో కట్టేలా ఒప్పించుకున్నాం. ఈ పనులన్నీ అక్క ముందు చర్చ పెట్టకుండా చేశాం, అయితే దాచలేదు. అడిగిన రోజున ఒక కాగితం మీద మొత్తం రాసి చూపించాడు బావ. ఆమె అకౌంటెంట్ కదా, లెక్క చూసి ఒక తప్పు కూడా పట్టుకుంది. ఆ నెలలో ఆమె నోట వచ్చిన మొదటి పొడుగాటి వాక్యం ఆ తప్పు గురించే.

డిప్రెషన్‌లో ఉన్న మనిషిని "లే, అలా బయట తిరిగిరా, నీకేం తక్కువ" అంటూ తరమడం మా అమ్మ పద్ధతి. ప్రేమతోనే అనేది. కౌన్సెలర్ అమ్మతో విడిగా మాట్లాడారు. అడిగే పని చాలా చిన్నదిగా ఉండాలి, అడిగేవాళ్లు కూడా పక్కన ఉండి చేయాలి అని చెప్పారు. దాంతో "స్నానం చెయ్" అనేది పోయి "నీళ్లు పెట్టాను, తువ్వాలు అక్కడుంది" అనడం వచ్చింది. కొన్ని రోజులు అంతే. స్నానం అయితే ఆ రోజు గెలిచినట్టు.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. ఆత్మహత్య గురించి నేరుగా అడగమన్నారు డాక్టర్ గారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నాకు భయం. అలా పుట్టదు, పైగా అడిగినందుకు చాలామందికి గుండె బరువు తగ్గుతుంది అన్నారు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, "అక్కా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగాను. మెత్తగా తిప్పి తిప్పి అడగలేదు, ఆ మాటే అన్నాను. చాలాసేపు ఊరుకుని, "చావాలని లేదురా. పొద్దున మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తోంది" అంది. ఇది కూడా తేలిగ్గా తీసుకోవాల్సిన మాట కాదు. ఆ సాయంత్రమే డాక్టర్‌కు ఫోన్ చేశాం, మర్నాటికి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. మందుల నిల్వ ఇంట్లో ఎక్కువ ఉంచొద్దన్నారు, బావ వారానికి సరిపడా మాత్రమే బయట పెట్టి మిగతావి వేరేచోట ఉంచాడు. రాత్రిళ్లు ఒంటరిగా వదల్లేదు. ఇదంతా ఆమెకు చెప్పే చేశాం. డిప్రెషన్ ఆలోచనలూ మేనియా హడావుడీ ఒకేసారి కలిసి వచ్చే దశ ఒకటి ఉంటుందని, అది అన్నిటికంటే ప్రమాదమని, చేతులు నలుపుకుంటూ నిద్రలేక పచార్లు చేస్తూ చావు మాట ఎత్తితే ఉదయం దాకా ఆగొద్దని కూడా డాక్టర్ గారే హెచ్చరించారు. అదృష్టం, మాకది రాలేదు.

లిథియం గురించి ఇంట్లో అందరికీ తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. పనిచేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య జాగా తక్కువ. అందుకే రక్తంలో ఎంత ఉందో చూస్తుండాలి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దున మాత్ర ఇంకా వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. 1.5 దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఇవన్నీ మేం విన్నాం, ఫైల్లో రాసిపెట్టుకున్నాం. అయినా ఒక ఎండాకాలం అక్కకు నడుం పట్టేసింది. వేరేచోట చూపించుకుంటే ఐబూప్రొఫెన్ ఇచ్చారు, లిథియం వాడుతున్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు లిథియం ఒంట్లోంచి బయటికి పోకుండా ఆపుతాయి. పైగా ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గాయి.

చెయ్యి సన్నగా వణకడం లిథియంతో మామూలే, అక్కకు మొదటినుంచీ ఉంది. ఆ రోజు వణుకు వేరే. గ్లాసు నోటిదాకా వెళ్లేలోపు నీళ్లు మణికట్టు మీదుగా మోచేతిదాకా కారాయి. గుమ్మం దగ్గర తూలి తలుపు పట్టుకుంది. మాట ముద్దగా వస్తోంది. అప్పటికే వాంతి ఒకసారి, విరేచనాలు. బావ ఊళ్లో లేడు. నేను మందుల పెట్టె మొత్తం సంచిలో వేసుకుని ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను, వెళ్లగానే మొదటి మాటగా "లిథియం వాడుతోంది" అని చెప్పాను. లెవెల్ 1.9 వచ్చింది. లిథియం ఆపి, సెలైన్ పెట్టి, గుండెనీ కిడ్నీలనీ గమనిస్తూ కొన్నాళ్లు ఉంచుకున్నారు. తగ్గాక తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. అప్పటినుంచి అక్క ఫోన్ కవర్ వెనక చిన్న చీటీ ఉంటుంది: లిథియం వాడుతున్నాను, పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ఇవ్వొద్దు. కొన్ని బీపీ మాత్రలతో కూడా ఇదే చిక్కు, అందుకే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, ముందు ఆ చీటీ చూపిస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే డాక్టర్‌ను అడుగుతుంది. ఉన్నట్టుండి ఉప్పు తగ్గించడం లాంటివి సొంతంగా చేయదు, ఉప్పు తగ్గితే లిథియం పెరుగుతుంది.

డిప్రెషన్ తగ్గి అక్క మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక ఇంట్లో కొత్త గొడవ వచ్చింది. ఏదో విని గట్టిగా నవ్వుతుంది, అమ్మా బావా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వంటింట్లో విసుక్కుంటుంది, "మాత్ర వేసుకున్నావా?" అని ఎవరో అడుగుతారు. కొత్త చీర కొంటుంది, బావ బిల్లు చూస్తాడు. ఒకరోజు పట్టలేక అరిచింది: "నాకు కోపం రాకూడదా? నవ్వు రాకూడదా? నాకంటూ మిగిలిందేమైనా ఉందా, అంతా లక్షణమేనా?"

దీనికి మా దగ్గర జవాబు లేదు. కౌన్సెలర్ దగ్గరికి అందరం కలిసి వెళ్లడం అప్పుడు మొదలైంది. కుటుంబాన్ని కూడా కూర్చోబెట్టి చేసే ఇలాంటి చికిత్స ఒకటుందని, అమెరికన్ సైకాలజిస్ట్ డేవిడ్ మిక్లోవిట్జ్ దాన్ని బైపోలార్ కోసం తీర్చిదిద్దారని, పూర్తిగా చేస్తే 9 నెలల్లో 21 సెషన్లని కౌన్సెలర్ చెప్పారు. మేం చేసింది అందులో కొంతే. ఇంట్లో తిట్లు, దెప్పుళ్లు, అతి జోక్యం ఎక్కువైతే జబ్బు త్వరగా తిరగబెడుతుందని పరిశోధనల్లో తేలిందట. ఈ ఆలోచనకు మూలం, జార్జ్ బ్రౌన్ లండన్‌లో స్కిజోఫ్రీనియా రోగుల కుటుంబాల మీద చేసిన పని. అతి ప్రేమ కూడా ఈ లెక్కలోకే వస్తుందని విని అమ్మ చిన్నబుచ్చుకుంది. "అంటే నేనే దాని జబ్బుకు కారణమా?" అంది. కాదు, జబ్బు రావడానికి ఇంటివాళ్లు కారణం కాదు, వచ్చాక దాని దారి మీద మాత్రం ఇంటి వాతావరణం ప్రభావం ఉంటుంది అని కౌన్సెలర్ ఓపిగ్గా రెండుసార్లు చెప్పారు.

జబ్బు మళ్లీ మొదలైతే ఎవరం ఏం చేయాలో రాసుకున్న ఒక కాగితం అక్కడే తయారైంది. ఏవి లక్షణాలో, ఏవి కావో మేం కాదు, అక్కే రాయాలి, అదీ బాగున్నప్పుడే రాయాలి అన్నది షరతు. ఒకరోజంతా కూర్చుని రాసింది. మేనియా మొదలవుతోందనడానికి ఆమె రాసుకున్న గుర్తులు: వరుసగా రెండు రాత్రులు అయిదు గంటల కంటే తక్కువ పడుకుని, అయినా అలసట లేకపోవడం, రాత్రి పదకొండు దాటాక పాత స్నేహితులకు ఫోన్లు, ఒకేసారి మూడు నోటు పుస్తకాలు కొనడం, ఇంట్లోవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడటం. చివరిది చదివి అందరం నవ్వాం, కానీ నిజం. నేనైతే ఆ గుర్తును ఎప్పటికీ పట్టుకోలేకపోయేవాణ్ని. పుస్తకాల్లో ఉండే జాబితా అందరికీ ఒకటే, ఇది ఆమెది.

అందులో నిద్ర తప్ప ఏ ఒక్కటీ విడిగా లెక్కలోకి రాదు, రెండు కలవాలి. అలా కలిస్తే చెప్పాల్సిన బాధ్యత ఒక్కరిదే. నలుగురూ నాలుగు వైపులనుంచి చెబితే దాడిలా ఉంటుంది. నన్ను ఎంచుకుంది. చెప్పాల్సిన మాట కూడా తనే రాసిచ్చింది: "అక్కా, రెండో పేజీ తియ్." అంతకుమించి ఒక్క మాట అనకూడదు. రెండో పేజీలో చేయాల్సినవి ఉన్నాయి. డాక్టర్‌కు ఫోన్, ముందే అనుకున్న ప్రకారం రాత్రి మందులో మార్పు, కార్డులు బావకు ఇవ్వడం, రాత్రి తొమ్మిదికల్లా దీపాలూ ఫోనూ ఆపడం. ఏదైనా కొనాలన్నా, ఉద్యోగం మానాలన్నా, ఎవరికైనా మాటివ్వాలన్నా రెండు రాత్రులు నిండా పడుకున్నాకే.

మూడో పేజీ మా మీద. ఆమె నవ్వినా, అరిచినా ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు. బయటివాళ్ల ముందు మాత్రల ఊసెత్తకూడదు. మాత్ర గురించి రోజూ అడగకూడదు, వారం డబ్బా అల్మరా మీద ఉంటుంది, కావాలంటే చూసుకోవచ్చు. చుట్టాలు అడిగితే "నిద్రకు సంబంధించిన సమస్య, చికిత్స నడుస్తోంది" అని చెప్పాలి, ఆపైన చెప్పడం చెప్పకపోవడం తన ఇష్టం. ఆ పేజీ కింద అందరం సంతకాలు పెట్టాం. ఈ వ్యాసం కూడా తను చదివింది. రెండు సంగతులు కొట్టేసింది, చీర సంగతి మాత్రం ఉంచమంది.

నిద్ర పట్టిక కూడా నడుస్తోంది. పడుకున్న టైము, లేచిన టైము, మూడ్‌కు మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా ఒక అంకె. రోజుకు అర నిమిషం పని. అకౌంటెంట్ కాబట్టి నెలాఖరుకు గ్రాఫ్ కూడా గీస్తుంది. ఆ గ్రాఫుల్లో మాకు కనిపించింది, నిద్ర తగ్గడం ముందు, మూడ్ ఎగరడం ఆ తర్వాత. అంటే నిద్ర లక్షణమూ అవుతుంది, ఎగదోసేదీ అవుతుంది. అందుకే రాత్రి ప్రయాణాలు, పొద్దుపోయేదాకా మేలుకునే పనులు ఆమె వీలైనంత తగ్గించుకుంది. ఆఫీసులో కారణం చెప్పకుండానే ఆరు దాటితే పని పెట్టుకోనని ఒప్పించుకుంది.

కాగితం అవసరం కిందటేడు పడింది. ఆఫీసు పని మీద సుదూర ప్రయాణం, టైమ్ జోన్లు మారాయి, వచ్చాక వరుసగా రెండు రాత్రులు నాలుగు గంటలే. మూడో రోజు పొద్దున నాతో "లిసన్, ఐ హావ్ ఏన్ ఐడియా" అంది. నా గుండె జారింది. "అక్కా, రెండో పేజీ తియ్" అన్నాను. కళ్లు చిట్లించి, "నీకు వేరే పని లేదా? ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడితే నేరమా?" అంది. నేనేం మాట్లాడలేదు. ఒప్పందం అది. తలుపు ధడాలున వేసుకుని లోపలికెళ్లింది. మధ్యాహ్నం బయటికొచ్చి కార్డుల పర్సు బావ ఒళ్లోకి విసిరి, "ఆ పేజీ రాసింది నేనే కదా, ఏడుస్తాను" అంటూ తనే డాక్టర్‌కు ఫోన్ కలిపింది. కొన్ని రోజులు మందు పెరిగింది, సెలవు పెట్టింది, గది చీకటి చేసుకుని పడుకుంది. ఆసుపత్రి దాకా వెళ్లకుండానే దిగింది. ప్రతిసారీ ఇలాగే దిగుతుందని నేను అనుకోవడం లేదు, డాక్టర్ గారూ అనలేదు.

మా సంగతి కూడా కొంచెం చెప్పాలి. తోబుట్టువుకు బైపోలార్ ఉంటే మనకొచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ, సుమారు నూటికి 5 నుంచి 10 మందికి. చదివిన కొత్తలో నా నిద్ర నేను లెక్కపెట్టుకుంటూ అసలు నిద్రే పోయేవాణ్ని కాదు. నూటికి 90 మందికి రాదన్నది అదే వాక్యంలో ఉందని డాక్టర్ గారు గుర్తుచేయాల్సి వచ్చింది. బావ తన టెన్షన్ కోసం విడిగా కౌన్సెలింగ్‌కు వెళ్తాడు, ఆ రోజు సాయంత్రం అక్కతో నేనుంటాను. అమ్మకు మాత్రం ఒకే ప్రశ్న: ఈ మందులు ఎన్నాళ్లు?

ఆ ప్రశ్న అక్కకూ ఉంది, కాకపోతే వేరే రకంగా. ఒకసారి నాతో అంది: "మీకు నా జబ్బు పోయింది. నాకు ఆ రెండు వారాలు కూడా పోయాయిరా. అంకెలు వాటంతటవే పలికేవి, నేను రాసుకునేదాన్ని. ఇప్పుడు రెండుసార్లు కూడితే గానీ నమ్మకం కుదరదు." దీన్ని కొట్టిపారేయలేం. మేనియా ముందరి ఆ తేలికదనం నిజంగానే బాగుంటుందట, మందులు మానేసేవాళ్లలో కొందరు దాని కోసమే మానేస్తారు. జరిగిన నష్టాలు గుర్తుచేస్తే ఆ నోరు మూతపడుతుంది గానీ కోరిక పోదు. లిథియం ఒక్కసారిగా ఆపేస్తే మేనియా వేగంగా తిరగబెట్టే ప్రమాదం ఉంది, ఆపాల్సొచ్చినా వారాల తరబడి నెమ్మదిగా తగ్గించాలి. ఇది ఆమెకూ తెలుసు. అందుకని మానేస్తానని కాకుండా, బుర్ర మందగించింది, చెయ్యి వణుకుతోంది, ఏం చేద్దాం అని డాక్టర్ గారినే అడిగింది. అప్పటికి లెవెల్ 0.9 ఉంది. డోసు కొంచెం తగ్గించి 0.7 దగ్గరికి తెచ్చారు, ఆర్నెల్లు గమనిద్దామన్నారు. వణుకు చాలావరకు తగ్గింది. కూడికలు ఇప్పటికీ రెండుసార్లు చేస్తోంది. థైరాయిడ్, కిడ్నీ, కాల్షియం పరీక్షలు వచ్చే నెల ఉన్నాయి, వాటితోపాటే లెవెల్ కూడా చూస్తారు. డోసు గురించి మళ్లీ మాట్లాడటం ఆ రిపోర్టులు చూశాకే.